దాపటిది, వలపటిది

డీజిల్ ఇంజను పద్నాలుగేళ్లు
నా ఎడమ చెవిలో కాపురముండి
పోతూ పోతూ దాన్ని కూడా పట్టుకుపోయింది.
ఇప్పుడు నన్ను పిలవాలంటే కుడివైపు నుంచి రావాలి.
పున్నమి ఘాట్‌లో ఆ సంగతి అందరికీ తెలుసు.
తెలియనివాళ్లు పొగరనుకుంటారు.

ఆటోనగర్‌లో కరీముల్లా షెడ్డు.
పాడైన ఈ-రిక్షాలు వరసగా పడుకుని ఉంటాయి.
రెండు మోటార్లు విప్పి బల్ల మీద పెట్టాడు.
ఒకటి, లారీ గుద్దిన బండిది, నెల కూడా తిరగలేదు.
రెండోది గుణదల సందుల్లో మూడేళ్లు
జనాన్ని మోసి అరిగింది.
"ఒక్క పెద్దది వేస్తే పోలా?" అన్నాను.
"పెద్దది కొనే మొహమా మనది?
పైగా ఒక్కటే ఉంటే
అది ఆగిన చోటే నీ ఊరు."

వెనక చెక్కకి చెరో పక్క
జానా బెత్తా కొలిచి బిగించాడు.
ఒక పంకా కుడికి తిరిగితే రెండోది ఎడమకి తిరగాలట,
లేకపోతే పడవ ఒళ్లు విరుచుకుంటుందట.
పేర్లు మాత్రం నేనే పెట్టాను:
దాపటిది, వలపటిది.
వల పట్టిన ఇంట్లో పుట్టాను, ఎద్దుని తోలిన పాపాన పోలేదు.
ఏ గట్టు మీదో చెవిన పడిన మాటలై ఉంటాయి,
రెండు చెవులూ ఉన్న రోజుల్లో.

మొదటి రోజు.
లంకలో బెండకాయలు కోసే ఆడవాళ్లు పదకొండు మంది.
ఒకే మీట, రెండింటికీ ఒకే కరెంటు,
గోరంత పక్షపాతం లేదు నా దగ్గర.
అయినా పాతది, దాపటిది, వెనకబడింది.
ఎదర ఉండవల్లి గట్టు చూపిస్తే
పడవ ఎడమకి, ఇంకా ఎడమకి,
బ్యారేజీ గేట్ల వైపు మూతి తిప్పింది.
రాహేలమ్మ కొడవలి ఒళ్లో పెట్టుకుని అంది:
"నీ పడవకీ ఒక చెవి పోయిందా ఏం?"

"సమానంగా పోస్తే సమానమవదు," అన్నాడు కరీముల్లా.
మీట తీసేసి రెండు మీటలు పెట్టాడు.
"రెండూ కలవనంతసేపూ
ఊఁ... ఊఁ... అని అలలాగా మూలుగుతాయి.
ఆ మూలుగు ఆగే దాకా సవరించు.
చెవి పెట్టి విను."
అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

చెప్పులు విప్పాను.
పాదాల కింద చెక్కలో
ఒక వణుకు ఉబ్బుతోంది, తగ్గుతోంది, ఉబ్బుతోంది.
దాపటి మీట వెంట్రుకవాసి పైకి.
ఉబ్బు సాగింది, ఇంకా సాగింది,
పసిబిడ్డ పడుకునే ముందు ఊపిరిలాగా.
తర్వాత లేదు.
పడవ గీత గీసినట్టు పోయింది.

ఆగస్టులో ఎగువన నీళ్లు వదిలారు.
గుర్రపుడెక్క పచ్చటి పొలంలా దిగొచ్చి
వలపటిదాని మెడకి చుట్టుకుంది.
కొత్తది. గుక్క తిప్పుకోకుండా ఆగిపోయింది.
సాయంత్రం ఆరున్నర, నడి ఏరు, పదకొండు మంది.
దాపటిది ఒక్కటే లాగుతోంది,
పడవ కుడికి తిరుగుతోంది, కుడిపక్కనే బ్యారేజీ.
చుక్కాని రాహేలమ్మకిచ్చి
"నీ బలమంతా పెట్టి అలాగే పట్టు," అన్నాను.
నేను గెడతో డెక్క నెడుతూ, ఆమె పళ్లు బిగించి,
గుణదల సందులన్నీ తిరిగిన ఆ ముసలి మోటారు
ఏమీ మాట్లాడకుండా,
ఎండ్రకాయలాగా పక్కవాటున
దుర్గా ఘాట్ మెట్లకి చేరాం.

దిగాక రాహేలమ్మ
పదకొండు మందికీ ఆటో డబ్బులు
నా దగ్గరే వసూలు చేసింది. న్యాయమే.

రాత్రి లైటు వెలుగులో
పంకా మెడకున్న కాడలు కోసి, రెండూ వేశాను.
చెక్కలో మళ్లీ అదే ఉబ్బు, అదే తగ్గు.
రోజంతా మోసిన దాపటిది వేడిగా ఉంది,
దానికి కొంచెం తగ్గించి, దీనికి కొంచెం పెంచి,
కళ్లు మూసుకుని పాదాలతో వెతుకుతున్నాను.

వణుకు ఆగింది.
ఆ ఆగిన చోట
పడవ ఎడమకి అంగుళం వాలింది.
కళ్లు తెరిస్తే
ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు చెక్క మీద కరీముల్లా.
ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాడో.